ముందు రంగు అడగండి

కొత్త లారీ. బంపరుకు కట్టిన నిమ్మకాయలు ఇంకా ఎండనే లేదు, మొదటి కిస్తీ తేదీ ఇంకా రాలేదు. మేళ్లచెర్వులో సిమెంటు ఎక్కించుకుని హైదరాబాదు బయల్దేరింది. కోదాడ దాటి మునగాల దగ్గరకొచ్చేసరికి డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ పసుపు రంగులో వెలిగింది. డ్రైవరు బండి పక్కకు తీసి ఫోన్ చేశాడు. "అన్నా, ఇంజన్ లైటు పడ్డది." అవతల ఓనరు నోట్లోంచి మొదట వచ్చే మాట ఏమిటో హైవే మీద అందరికీ తెలుసు. "ఏం జేసినవురా బండిని?"

ఆ ఒక్క మాటకు ఎంత ఖర్చవుతుందో ఏ ఓనరూ లెక్క రాసుకోడు. ఈసారి తిట్లు తిన్న డ్రైవరు వచ్చేసారి లైటు వెలిగితే ఫోన్ చేయడు. సూర్యాపేట దాకా, నార్కట్‌పల్లి దాకా, దేవుడి మీద భారం వేసి లాగిస్తాడు. ఇంకా తెలివైనవాడైతే దారిలో ఎవరిచేతనో బ్యాటరీ వైరు పీకించి మళ్లీ పెట్టిస్తాడు. లైటు పోతుంది. దాంతోపాటు కొన్ని బండ్లలో లోపం ఎక్కడో చెప్పే కోడూ పోతుంది, లైటు వెలిగిన క్షణాన వేగం ఎంత, వేడి ఎంత అని కంప్యూటరు రాసిపెట్టుకున్న లెక్కా పోతుంది. తర్వాత మెకానిక్కు చేతికి మిగిలేది జబ్బు ఒక్కటే. ఆనవాలు ఉండదు.

అందుకే ఫోన్ ఎత్తగానే అడగాల్సింది మూడే ముక్కలు. లైటు ఏ రంగు? బండి లాగుతోందా, పికప్ తగ్గిందా? ఆయిలు ప్రెషరు, వేడి ముళ్లు ఎక్కడున్నాయి? ఎరుపైతే ఇంజన్ ఆపేయమని చెప్పాలి, ఇంకో మాట లేదు. పసుపు నిలకడగా వెలుగుతూ, ముళ్లు మామూలుగా ఉంటే వేగం తగ్గించుకుని దగ్గరి సర్వీసు సెంటరుకు నడపొచ్చు. మిణుకుమిణుకుమంటుంటే ఆపి, బండితో ఇచ్చిన పుస్తకం తెరవాలి. ఆ పుస్తకాన్ని సీటు కింద ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా దాచేవాళ్లు మనలో చాలామంది. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ ఈ మూడింటికీ జవాబు విన్నాక. అప్పటికి సగం కోపం దానంతటదే దిగుతుంది, అది వేరే సంగతి.

ఆ తిట్టు మొదటి అడ్డంకి అయితే, "కొత్త బండికేం రోగం?" అనేది రెండోది. ఇంజనీర్లు యంత్రాల మొరాయింపులను గీతగా గీస్తే అది స్నానపు తొట్టి ఆకారంలో వస్తుంది. మొదట్లో ఎక్కువ, నడుమ తక్కువ, వయసు మళ్లాక మళ్లీ ఎక్కువ. కొత్తది కాబట్టే చిన్నచిన్న లోపాలు బయటపడతాయి. కొత్త ఉద్యోగంలో, కొత్త వ్యాపారంలో, ఆ మాటకొస్తే కొత్త కాపురంలోనూ అంతే. లోపం కనబడగానే మోసపోయామని గుండెలు బాదుకోవడం, లేదా కొత్త కదా అని కళ్లు మూసుకోవడం, రెండూ డబ్బు పోగొట్టేవే.

పైగా ఇప్పటి బండ్లు పాతవాటిలా మౌనంగా భరించవు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్‌-6 కాలుష్య నిబంధనలు వచ్చాక పొగ గొట్టం వెంట మసిని పట్టే జల్లెడ, యూరియా ద్రావణం చిమ్మే నాజిలు, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే సెన్సార్లు చేరాయి. వీటిలో ఏది అలిగినా లైటు వెలుగుతుంది.

వరికోతల కాలంలో మన వైపు జరిగేదే చూడండి. ధాన్యం లోడుతో మిర్యాలగూడ మిల్లు ముందు లారీ వరుసలో నిలబడుతుంది. ఇంజన్ ఆన్‌లోనే ఉంటుంది, అంగుళం అంగుళం కదులుతుంది. జల్లెడలో పేరుకున్న మసి కాలిపోవాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. నిలబడిన బండి పొగకు అంత వేడి ఎక్కడిది? లోడుతో హైవే మీద సాగే బండికి ఈ బాధ తక్కువ. వరుసలో నిలబడ్డ బండికి మసి నిండి లైటు వెలుగుతుంది. ఇందులో డ్రైవరు చేసిన నేరమేమీ లేదు, కంపెనీ చేసిన మోసమూ లేదు. వరుసలో ఇంజన్ ఆపేస్తే చాలావరకు తప్పేది.

యూరియా కథ ఇంకా రుచికరం. బండికి పోసేది 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. ఎవరో ఒక మహానుభావుడు చెబుతాడు, "ఇంట్లో పొలం యూరియా బస్తా ఉంది కదా, బోరు నీళ్లలో కలిపి పొయ్యి." పొలానికి వచ్చే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, బోరు నీళ్లలో సున్నం ఉంటుంది. రెండూ కలిసి నాజిలును, దాని వెనక పొగను శుద్ధిచేసే ఖరీదైన క్యాటలిస్టును పాడుచేస్తాయి. స్కానరు పెడితే "క్యాటలిస్టు పనితనం తగ్గింది" అనే కోడు వస్తుంది. తొందరపడే మెకానిక్కు క్యాటలిస్టు మార్చేద్దాం అంటాడు. నిదానస్తుడు ట్యాంకులోంచి చుక్క తీసి రిఫ్రాక్టోమీటరు అద్దం మీద వేసి, కంటి దగ్గర పెట్టుకుని గాఢత చూస్తాడు. నిమిషం పని. కోడు చెప్పేది ఎక్కడ నొప్పి ఉందో మాత్రమే. ఎందుకు వచ్చిందో మనిషే వెతకాలి. ఇంట్లో పిల్లాడి మార్కులు తగ్గినప్పుడు ట్యూషన్ మార్చేసే తండ్రి, దుకాణంలో గిరాకీ తగ్గితే బోర్డు రంగు మార్చే యజమాని, ఆ తొందరపడే మెకానిక్కు బంధువులే.

జపాన్‌లో టయోటా కర్మాగారాల్లో లైను పక్కన ఒక తాడు వేలాడేది. లోపం కనిపించిన కార్మికుడు దాన్ని లాగితే దీపం వెలుగుతుంది, పైవాడు పరుగున వస్తాడు. సమస్య తేలకపోతే లైనే ఆగుతుంది. ఆ పద్ధతి గొప్పతనం తాడులో లేదు. లాగినవాణ్ని "ఎందుకు లాగావు" అని కొట్టకపోవడంలో ఉంది. ఆ తాడు కట్టి, లాగినవాడి జీతం కోస్తే ఏ కార్మికుడూ దాని దరిదాపులకు పోడు.

లైటు సంగతి తేలాక ఓనరు ఒక పని మర్చిపోతాడు. ఏం తేలిందో డ్రైవరుకు చెప్పడు. చెప్పండి. "యూరియా గాఢత తప్పిందట, ఇకనుంచి మూత సీలు చూసి కొను" అని రెండు ముక్కలు. మరుసటి బండికి, మరుసటి డ్రైవరుకు ఆ మాట అతని నోటినుంచే పోతుంది.

ఇక సర్వీసు సెంటరు. కొత్త బండి కాబట్టి వారంటీ ఉంటుంది. మర్యాదగా, గట్టిగా అడగండి. జాబ్ కార్డు మీద లైటు వెలిగిన కిలోమీటరు, తేదీ, లోడు రాయించండి. వచ్చిన కోడు నంబరు కాగితం మీద తీసుకోండి. మార్చిన సామాను చూపించమనండి. బయట ఎవరో సెన్సారును మాయచేసే డబ్బా బిగిస్తామంటే దాని జోలికి పోవద్దు. అది చట్టానికి విరుద్ధం, వారంటీకీ ఎసరే. కోడు చెరిపాక కంప్యూటరు తన పరీక్షలన్నీ మొదటినుంచి చేసుకోవాలి. కాబట్టి షెడ్డు గేటు దాటేటప్పుడు లైటు లేదంటే రోగం పోయిందని కాదు. ఒకటి రెండు లోడ్లు కోదాడ, సూర్యాపేట మధ్యనే వేసి చూసుకున్నాక చెన్నై లోడు ఒప్పుకోండి.