సముద్రతీరమున ఒంటరి మనుష్యుడు

పాఠ్యభాగము: మార్కు 6:45–51; కీర్తన 8



జర్మనీ దేశమందలి బెర్లిను పట్టణపు చిత్రశాలలో "సముద్రతీరమున సన్యాసి" అను పటమొకటి యున్నది. కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ అను చిత్రకారుడు 1808–1810 సంవత్సరములలో దానిని చిత్రించెను. వెడల్పు ఐదున్నర అడుగులు. అందులో బహుభాగము ఆకాశమే. క్రింద నల్లని సముద్రము, తెల్లని ఇసుకతిన్నె, దానిమీద మిక్కిలి చిన్నవాడుగా ఒక మనుష్యుడు. అతడు మనకు వీపు త్రిప్పి సముద్రమువైపు చూచుచున్నాడు.

ఈ చిత్రకారుడు 1774లో లూథరన్ కుటుంబమున జన్మించెను. 1781లో తల్లి మరణించెను. 1787లో మంచుగడ్డ విరిగి తమ్ముడు నీట మునిగి చనిపోయెను. అన్నను కాపాడబోయి ప్రాణము విడిచెనని చెప్పుదురు. అట్టివానికి నీటియెదుట నిలుచుట తేలిక కాదు.

మొదట అతడు ఆ సముద్రముమీద ఓడలను గీసి, తరువాత రంగుతో కప్పివేసెను. నిపుణులు పరీక్షింపగా అడుగున ఆ గీతలు కనబడెను. ఓడ యున్నయెడల మన చూపు దానినే పట్టుకొనును. మోకరించినప్పుడు మనకును ఎన్ని ఓడలు! అప్పు, పంట, బిడ్డ పెండ్లి. వీటిని దేవునికి చెప్పవలసినదే. అయితే వాటినే చూచుచు ఆయనను చూడక లేచుచున్నాము. దావీదు ఆకాశమును చూచి మనుష్యుడెంత అల్పుడో యెరిగెను. ఆ అల్పుని దేవుడు జ్ఞాపకము చేసికొనునని కూడ యెరిగెను.

పటము ఇక్కడ ఆగును, సువార్త ఆగదు. ప్రభువును కొండమీద ఒంటరిగా ప్రార్థించెను. అక్కడనుండి శిష్యులు ఎదురుగాలిలో కష్టపడుట చూచి, నాలుగవ జామున వారియొద్దకు వచ్చెను. ఆయన యేకాంతము ఓడను మరచిన యేకాంతము కాదు.

సమాధి కార్యక్రమము ముగిసి, బంధువులు వెళ్లిపోయిన రాత్రి ఇంటిలోని నిశ్శబ్దము ఎంత భయంకరమో కొందరు ఎరుగుదురు. మునిగిన ప్రతివాడును ఒడ్డు చేరలేదు. ఎందుకని అడుగువారికి నా యొద్ద జవాబు లేదు. అయినను ఆ చీకటిలో మనలను చూచువాడొకడు ఉన్నాడు.

ఈ మాసమున ప్రతి ఉదయము కొంతసేపు మాటలు మాని దేవునియెదుట కూర్చుండుడి. తరువాత లేచి, ఒంటరిగా నున్న ఒకరి యింటికి వెళ్లుడి.

ఆలోచించుటకు:
1. నా ప్రార్థనలో దేవుని మరుగుచేయు ఓడ ఏది?
2. నా యేకాంతము నన్ను ఎవరియొద్దకు పంపుచున్నది?

ప్రార్థన: ప్రభువా, నిశ్శబ్దమునకు భయపడు మమ్మును చూడుము. మా దోనెయొద్దకు రమ్ము. ఆమేన్.