మసి గీతలలోని పాట

మీ యింట ఏ పెట్టె యడుగుననో పాత కాసెట్టు ఒకటి పడియుండవచ్చును. దానిలో మీ తాతగారు చదివిన పద్యమో, అమ్మమ్మగారు పాడిన మంగళహారతియో నిలిచియుండవచ్చును. దానిని వినిపించు యంత్రము చెడిపోయి చాలకాలమై యుండును. యంత్రము దొరికినను, టేపుమీది పూత ఏటేట క్షీణించుచుండును. పాడినవారు గతించిన పిమ్మట టేపును కూడ పోగొట్టుకొన్నచో ఆ గొంతును మరల తెచ్చి యిచ్చువారెవరు? కనుకనే నేడు పాత ధ్వనులను కంప్యూటరులోనికి ఎక్కించి భద్రపరచుచున్నారు.

ధ్వని యనగా గాలిలో పుట్టు కదలిక. కాసెట్టు యంత్రమునుండి తీగ వెంట వచ్చు విద్యుత్తు ఆ కదలికనే అనుసరించి హెచ్చుచు తగ్గుచుండును. కంప్యూటరు ఆ హెచ్చుతగ్గులను సెకనునకు 44,100 మారులు కొలిచి, ప్రతి కొలతను ఒక అంకెగా వ్రాసికొనును. ప్రతి కొలతయు 65,536 మెట్లలో ఏదో యొక మెట్టుపై నిలుచును. సీడీలకు ఏర్పరచిన ప్రమాణమిది. భాండాగారములలో పనిచేయువారు ఇంతకంటెను సూక్ష్మముగా కొలుతురు. ఆ అంకెలన్నియు తెరపై వంకరగీతవలె కనబడును. ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేరుతో రికార్డుపై గీరలవలన పుట్టిన చిటపటలను ఏరివేయవచ్చును, టేపు బుసను తగ్గింపవచ్చును. కాని బుసతోపాటు గొంతులోని సన్నని జీర కూడ తొలగిపోవుట కలదు. నా మట్టుకు, కొంత బుస యున్నను నిజమైన గొంతే మేలు. అందుచేతనే నేర్పరులు మొదట ఎక్కించిన ప్రతిని ముట్టుకొనక, దాని నకలుమీదనే దిద్దుబాట్లు చేయుదురు.

బుసకంటె చిక్కైనది వేగము. నిమిషమునకు 78 చుట్లు తిరుగునని చెప్పబడు గ్రామఫోను రికార్డులలో తొలినాటివి కొన్ని అంతకంటె తక్కువ వేగమునను, కొన్ని ఎక్కువ వేగమునను నింపబడినవి. వేగము తప్పినచో గాయకుని శ్రుతియే మారిపోవును. ఈ వేగమువలన ఎంత పొరపాటు జరుగగలదో తెలుపు వృత్తాంత మొకటి కలదు.

ఎడ్వార్ లెయాన్ స్కాట్ ద మార్తెన్విల్ అనునతడు 1817లో ఫ్రాన్సు దేశమున జన్మించెను. ముద్రణశాలలో అచ్చుతప్పులు దిద్దుట ఆతని వృత్తి. ఒక శాస్త్రగ్రంథమునకై సిద్ధమైన చెవి చిత్రములను పరిశీలించుచుండగా ఆతనికి ఒక యూహ తోచెను. ఫొటోగ్రాఫు వెలుతురును పట్టి నిలుపుచున్నది గదా, అట్లే మాటను కూడ కాగితముపై నిలుపరాదా యని ఆతడు యోచించెను. చెవిని పోలిన యంత్రము నొకదానిని కల్పించెను. పెద్ద గొట్టము, దాని చివర బిగించిన పలుచని పొర, ఆ పొరకు అంటించిన పంది వెంట్రుక, ఎదుట చేతితో త్రిప్పు స్తంభము — ఇవియే దాని భాగములు. స్తంభమునకు దీపపు మసి పట్టించిన కాగితమును చుట్టుదురు. గొట్టములో పాడినచో పొర అదరును. వెంట్రుక కదలి మసిపై తెల్లని వంకరగీతను గీయును. 1857 మార్చి 25న ఆతడు ఈ యంత్రమునకు పేటెంటు కోరెను. దానికి ఫోనోటోగ్రాఫు అని పేరు.

ఇచట ఒక విచిత్రము కలదు. ఆ గీతను మరల ధ్వనిగా మార్చవలెనన్న తలంపు స్కాట్‌కు లేదు! మాట తనంతట తాను వ్రాసికొనుటయే ఆతని ఆశయము. మనుష్యులు ఆ గీతలను కన్నులతో చదువుట నేర్తురని ఆతడు నమ్మెను. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును నిర్మించి పలికిన మాటను తిరిగి పలికింపగా లోకమంతయు ఆతనిని కొనియాడెను. స్కాట్ నొచ్చుకొనెను. మరుసటి యేట తన హక్కును చాటుచు గ్రంథము నొకదానిని ప్రకటించి, 1879లో కన్ను మూసెను. ఆతని మసికాగితములు ప్యారిస్ నగరమున పేటెంటు కార్యాలయమునను, శాస్త్ర అకాడమీలోను నూరేండ్లకు పైగా మూగబోయి యుండెను.

ఆ కాగితములను వినిపింపజేయుట సులభము కాదు. అవి మసిపై గీతలే గాని, సూది నడచుటకు గాడి లేదు. 2008లో అమెరికాలోని ఫస్ట్ సౌండ్స్ అను పరిశోధక బృందము వాటిని సూక్ష్మముగా స్కాన్ చేయించెను. లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞులు ఆ చిత్రములోని గీతను సాఫ్ట్‌వేరుచే వెంబడింపజేసి, వంపులను అంకెలుగాను, అంకెలను ధ్వనిగాను మార్చిరి. కాగితమును ఏ సూదియు తాకలేదు.

స్తంభమును చేతితో త్రిప్పుటచే దాని వేగము ఒకచోట హెచ్చుగాను, ఒకచోట తగ్గుగాను ఉండును. స్కాట్ ముందుచూపు గలవాడు. 1860 నాటి కాగితములలో పాటగీత ప్రక్కనే శ్రుతిదండముయొక్క కంపనములను కూడ గీయించెను. శ్రుతిదండము ఎన్నడును ఒకే రీతిగా కంపించును గనుక, ఆ గీత గడియారమువలె పనిచేసి వేగమును సరిదిద్దుకొనుటకు తోడ్పడెను. ఇట్లు 1860 ఏప్రిల్ 9 నాటి కాగితమునుండి ‘ఓ క్లేర్ ద లా లూన్’ అను ఫ్రెంచి జానపద గీతము వినవచ్చెను. అది ఎడిసన్ యంత్రమునకు 17 సంవత్సరములు ముందరిది. పదిసెకనుల ఆ పాటలో సన్నని గొంతు పలికెను. పాడినది స్త్రీయో, బాలికయో యని విన్నవారు తలచిరి. పత్రికలును అట్లే వ్రాసెను.

మరుసటి సంవత్సరము ఆ బృందమే తమ లెక్కను మరల చూచుకొనెను. శ్రుతిదండము సెకనునకు 500 మారులు కంపించునని వారు మొదట భావించిరి. కాని ఆ కాలపు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పోవుట నొకటిగాను, తిరిగి వచ్చుటను వేరొకటిగాను లెక్కించెడివారు. మన లెక్కలో రాకపోకలు రెండును కలిసియే ఒక కంపనము. అనగా నిజమైన సంఖ్య 250 మాత్రమే! వేగమును సగమునకు తగ్గించి వినగా బాలిక మాయమయ్యెను. ఒక పురుషుడు, ఒక్కొక్క స్వరమును ఆచితూచి, ఇరువది సెకనులపాటు మెల్లగా పాడుచుండెను. ఆ గొంతు స్కాట్‌దేయని పరిశోధకుల నిశ్చయము.

కంప్యూటరు మొదటిసారియు తప్పు చేయలేదు. తనకిచ్చిన సంఖ్యనే అది నమ్మినది. మొదటి ధ్వనిని దాచివేయక, రెండింటిని లోకమునకు వినిపించిన ఆ పరిశోధకులను మెచ్చుకొనవలసినదే. స్కాట్ మసికాగితములను 2015లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చెను.