చివరి పేజీ కూడా చదువు

విశాఖపట్నం

చిరంజీవి చిన్నోడికి,

నువ్వు పంపిన మెసేజ్ అందింది. డేటా సెంటర్ పని చేస్తున్న ఒక కాంట్రాక్టరు, కార్మిక సంఘంతో ఒప్పందం లేనివాడు, ఇప్పుడు నీకొచ్చే దానికంటే గంటకు ఆరు డాలర్లు ఎక్కువ ఇస్తానన్నాడు. పైప్ ఫిట్టర్ అప్రెంటిస్‌షిప్ రెండో ఏడాది మధ్యలో వదిలేసి వెళ్లనా అని అడిగావు. వెళ్లొద్దు నాయనా. ముందు ఆ మాట చెప్పేసి, కారణాలు తర్వాత రాస్తున్నాను. ఫోనులో అయితే నువ్వు ఊఁ కొట్టి ఊరుకుంటావు. కాగితం మీద ఉంటే ఇంకోసారి చూసుకుంటావు.

ఫీనిక్స్‌లో మన లోకల్, అంటే సంఘం శాఖ, వేసే పత్రిక నేను రిటైరై గాజువాక వచ్చేశాక కూడా అందుతూనే ఉంది. వచ్చిన రోజే మొత్తం చదువుతాను. నువ్వు మాత్రం పని వివరాలున్న పేజీ ఒక్కటే చూస్తున్నావని నీ మాటల్లోనే తెలిసిపోయింది. "పని బ్రహ్మాండంగా ఉంది పెదనాన్నా, ఇంకో ఐదేళ్లు ఢోకా లేదంట" అన్నావు. ఆ పేజీ రాసే బిజినెస్ ఏజెంటు అబద్ధం రాయడు. కానీ అతను రాసేది కాంట్రాక్టర్లు చెప్పిన అంచనా. ఆ అంచనా కదులుతుంది. టీఎస్ఎంసీ సంగతే చూడు. 2020 మే నెలలో ఫీనిక్స్‌లో చిప్ ఫ్యాక్టరీ పెడతామన్నారు, 1200 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్నారు. 2024లో ఉత్పత్తి మొదలవుతుందన్న మాట 2023 జులై వచ్చేసరికి 2025కి వెళ్లింది. మళ్లీ 2025 మార్చిలో మొత్తం పెట్టుబడి 16,500 కోట్ల డాలర్లన్నారు. ఇవన్నీ ఒకే సైటు కబుర్లు. టీవీలో ప్రకటన వచ్చినంత మాత్రాన సంఘం హాలులో పనికి పంపే డిస్పాచ్ కాగితం చేతికి రాదు.

అందుకని ఆ పేజీలో డాలర్ల అంకెలు వదిలేసి, ఏ పని ఏ దశలో ఉందో చూడు. ముందు నేల పని, తర్వాత కాంక్రీటు, ఉక్కు, ఆ తర్వాతే మన పైపు. మన మనుషుల సంఖ్య మధ్యలో ఒక్కసారిగా పెరిగి, కమిషనింగ్ దగ్గరికి వచ్చేసరికి అంత వేగంగానూ పడిపోతుంది. ఫ్యాబ్, అంటే చిప్ ఫ్యాక్టరీ అయితే భవనం పైపు అయిపోయాక కూడా యంత్రాలకు గ్యాసు, నీళ్లు, ఎగ్జాస్టు కలిపే పని ఇంకొంతకాలం సాగుతుంది. కానీ దానికి కావాల్సిన చేతులు తక్కువ, నైపుణ్యం ఎక్కువ. వేరే రాష్ట్రాల నుంచి ట్రావెలర్లు కావాలని రాశారంటే శిఖరం దగ్గరికొచ్చామని అర్థం చేసుకో. వాళ్లు సామాన్లు సర్దుకుని ఇళ్లకు బయల్దేరుతున్నారంటే దిగుడు మొదలైందన్నమాట. అప్పటికి నువ్వు ఏం నేర్చుకుని ఉన్నావన్నదే లెక్క.

దిగుడు నేను చూశాను. అరిజోనాలో 2006లో ఉన్న నిర్మాణ ఉద్యోగాల్లో సగానికి పైగా 2010కల్లా పోయాయి. హాలు తెరిచే వేళకు ముందే బయట జనం నిలబడి ఉండేవారు. ఔట్ ఆఫ్ వర్క్ లిస్టులో నా పేరు కిందెక్కడో ఉండేది, నెలల తరబడి కదిలేది కాదు. ఆ రోజుల్లో నా ఇంట్లో పొయ్యి వెలిగించినవి రెండు. ఒకటి మీ పెద్దమ్మ నర్సు ఉద్యోగం. రెండోది నా దగ్గరున్న వెల్డింగ్ సర్టిఫికెట్లు. ఫీనిక్స్‌కు పడమటన ఉన్న పాలో వెర్డే అణు విద్యుత్ కేంద్రంలో మూడు యూనిట్లున్నాయి. ఒక్కో యూనిట్‌కు పద్దెనిమిది నెలలకోసారి ఇంధనం మార్చాలి కాబట్టి ప్రతి వసంతంలోనూ, ప్రతి శరత్తులోనూ ఏదో ఒక యూనిట్ ఆగుతుంది. మన గాజువాక కుర్రాళ్లు రిఫైనరీ షట్‌డౌన్‌లకు వెళ్లినట్టే అక్కడా కొన్ని వారాలు రాత్రీ పగలూ పని ఉంటుంది. ట్రావెల్ కార్డు పట్టుకుని వేరే రాష్ట్రాల కేంద్రాలకు కూడా వెళ్లాను. టెస్టు పాసైనవాడికే ఆ తలుపులు తెరుచుకున్నాయి. నాతో సమానంగా కష్టపడగల మంచి ఫిట్టర్లు చాలామంది, చేతిలో ఆ కాగితం లేక ఇంట్లో కూర్చున్నారు.

కాబట్టి పని పుష్కలంగా ఉన్న ఈ రోజుల్లోనే సాయంత్రాలు ట్రైనింగ్ సెంటర్లోని బూత్‌లో గడుపు. 6జీ టెస్టుకు తయారవు. పైపును నలభై ఐదు డిగ్రీల వాలులో బిగించేస్తారు, దాన్ని తిప్పకూడదు, నువ్వే చుట్టూ తిరగాలి. కింద పడుకున్నట్టు వంగి మొదలుపెట్టి పైకి రావాలి. రూట్ పాస్ ఆర్గాన్‌తో వేస్తావు, మీది పొరలు 7018 రాడ్డుతో నింపుతావు. చాలామందికి పోయేది రూట్ దగ్గరే. గ్యాప్ సమంగా పెట్టుకోకుండా, టాక్‌ల అంచులు నున్నగా గ్రైండ్ చేయకుండా తొందరపడతారు. క్యాప్ ఎంత అందంగా ఉన్నా ఎక్స్‌రే చూసేది లోపలిని. ఫిటప్ మీద ఓపిక పెట్టు, వెల్డింగ్ సగం అక్కడే అయిపోతుంది. పాసయ్యాక ఇంకో జాగ్రత్త ఉంది. ఏఎస్ఎంఈ నియమం ప్రకారం ఒక పద్ధతిలో ఆరు నెలలు వెల్డింగ్ చేయకపోతే ఆ అర్హత పోతుంది. అందుకని నీ కంటిన్యూటీ రికార్డు ఎప్పటికప్పుడు సంతకం చేయించుకుని దగ్గర పెట్టుకో. ఫ్యాబ్ పని మీద మనసుంటే స్టెయిన్‌లెస్ ట్యూబు, లోపల ఆర్గాన్ పర్జ్, ఆర్బిటల్ యంత్రం నేర్చుకో. ఆసుపత్రుల్లో ఆక్సిజన్ లైన్లు వేసే మెడికల్ గ్యాస్ సర్టిఫికెట్ తీసుకో. రిఫ్రిజిరెంట్ ముట్టుకోవడానికి కావాల్సిన ఈపీఏ 608 పరీక్ష కూడా రాసెయ్యి. ఫీనిక్స్‌లో కట్టడాలు ఆగినా ఏసీలు ఆగవు. 2023లో జూన్ ఆఖరు నుంచి వరసగా 31 రోజులు పగటి ఎండ 110 ఫారెన్‌హీట్‌కు, అంటే మన లెక్కలో 43 డిగ్రీలకు తగ్గలేదు. ఆ ఊళ్లో సర్వీసు ఫిట్టరుకు పని లేకుండా పోదు.

ఇప్పుడు ఆ ఆరు డాలర్ల సంగతి. నీ జీతం చెక్కు మీద కనబడే అంకె నీ సంపాదన మొత్తం కాదు. నువ్వు పనిచేసిన ప్రతి గంటకూ కాంట్రాక్టరు ఆరోగ్య నిధికి కొంత, పెన్షన్‌కు కొంత, నీ చదువు జరిగే ట్రైనింగ్ నిధికి కొంత కడుతున్నాడు. ఒప్పంద పత్రం హాలులో అడిగి తీసుకుని ఆ వరసలన్నీ కూడు. ఆ తర్వాత దాని పక్కన ఆ కాంట్రాక్టరు చెప్పిన అంకె పెట్టి పోల్చి చూడు. అప్రెంటిస్‌గా నీ రేటు ఏడాదికేడాది పెరుగుతూ జర్నీమన్, అంటే పూర్తి స్థాయి పనివాడి రేటుకు చేరుతుంది. అతనిచ్చే అంకె ఎప్పుడు పెరగాలో అతని ఇష్టం. పైగా ఐదేళ్ల అప్రెంటిస్‌షిప్‌లో ఏటా 1,700 నుంచి 2,000 గంటలు సైటులో, కనీసం 216 గంటలు తరగతిలో నీకు నేర్పుతారు. బయటివాడు తన జాబుకు కావాల్సిన ఒక్క పని నేర్పి, అదే చేయిస్తాడు. డేటా సెంటర్లో చిల్డ్ వాటర్ పైపు బిగించడం వచ్చినవాడికి ఆ డేటా సెంటర్ అయిపోయాక ఏం మిగులుతుంది? ఇంకొకటి, చేరేటప్పుడు శిక్షణ ఖర్చు గురించి ఏదైనా ఒప్పందం మీద సంతకం పెట్టావేమో వెతికి చదువు. మధ్యలో వెళ్లిపోతే ఆ డబ్బు తిరిగి కట్టమనే లోకల్స్ ఉన్నాయి.

చివరి పేజీ గురించి చెప్పాలి. నీ వయసులో దాన్ని తిప్పేస్తారు. పాతికేళ్లు, నలభై ఏళ్లు, యాభై ఏళ్లు సభ్యత్వం పూర్తిచేసి పిన్ను అందుకున్నవాళ్ల పేర్లు, కొత్తగా జర్నీమన్ అయినవాళ్లు, రిటైరైనవాళ్లు, ఆసుపత్రిలో ఉన్నవాళ్లు, పోయినవాళ్లు. నా దృష్టిలో పని భవిష్యత్తు తెలిసేది ఆ పేజీలోనే. యాభై ఏళ్ల పిన్ను పెట్టుకున్న మనిషి జీవితంలో ఎంతమంది కాంట్రాక్టర్లు మారి ఉంటారో ఆలోచించు. కొందరు దివాలా తీసి ఉంటారు, కొందరు ఊరు వదిలి వెళ్లి ఉంటారు. అతని పెన్షన్ మాత్రం ఒక్కటే. ఎవరి దగ్గర పనిచేసినా ఆ గంటలు అదే నిధిలో జమ అయ్యాయి. మీ తాత హిందుస్తాన్ షిప్‌యార్డ్‌లో పైప్ ఫిట్టర్. పర్మినెంటు ఉద్యోగం కాబట్టి ఆయనకు ఆ భద్రత కంపెనీ ఇచ్చింది. నేను ఇక్కడ కాంట్రాక్టు వెల్డరుగా, ఆ తర్వాత గల్ఫ్‌లో పనిచేసిన ఏళ్లకు నా దగ్గర పాత గేట్ పాసులు తప్ప ఏమీ లేవు. జాబు అయిపోతే మనిషి అయిపోయినట్టే లెక్క. మన వీధిలోనే చూడు, ఎంత బాగా ఆర్గాన్ కొట్టగల చేతులో, అరవై దాటాక కొడుకుల మీద ఆధారపడి కూర్చున్నాయి. కాంట్రాక్టరు మారినా పనిచేసిన గంట పోని ఏర్పాటు అమెరికాలో పైపు పనివాళ్లకు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1889లో బోస్టన్ ప్లంబరు పి.జె. క్విన్లన్, వాషింగ్టన్‌లోని రిచర్డ్ ఓబ్రయన్‌కు ఒక ఉత్తరం రాశాడు, అన్ని ఊళ్లవాళ్లం కలుద్దామని. ఆ ఏడాది అక్టోబరు 11న 23 నగరాల నుంచి 40 మంది ప్రతినిధులు వాషింగ్టన్‌లో కూర్చుని మన సంఘం యూఏను మొదలుపెట్టారు. నువ్వు గంటకు ఆరు డాలర్లకు వదిలేద్దామనుకుంటున్నది అంత పాత కష్టాన్ని.

అదే పేజీలో పోయినవాళ్ల పేర్లు చూసినప్పుడు నాకు ఒక భయం కూడా కలుగుతుంది. మా ముందు తరం నాటి స్టీమ్ లైన్ల మీద ఆస్‌బెస్టాస్ చుట్టి ఉండేది. ఆ దుమ్ము పీల్చినవాళ్లకు జబ్బు ఇరవై, ముప్పై, నలభై ఏళ్ల తర్వాత బయటపడింది. పాత భవనాల్లో రిపేరు పనికి పంపినప్పుడు పైపు మీద తెల్లటి పాత చుట్టు కనబడితే, పరీక్ష చేశామని కాగితం చూపించేదాకా చెయ్యి వెయ్యకు. ఫోర్‌మన్ తొందరపెట్టినా వెయ్యకు. సంఘం స్టీవార్డును పిలువు. ఎండలో కూడా అంతే. తల తిరుగుతోందంటే కూర్చో, సిగ్గుపడకు.

నాకు గుండె ఆపరేషన్ అయినప్పుడు ఆ పేజీలో పేరు చూసి, నేను ఒక్క జాబులో మాత్రమే కలిసి పనిచేసిన మనుషులు కూడా ఇంటికొచ్చారు. ఒకాయన వాటర్ హీటరు మార్చి డబ్బు తీసుకోలేదు. మన తెలుగువాళ్లం ఆ దేశంలో ఎవరింటికి వెళ్తున్నామంటే మనవాళ్ల ఇళ్లకే. నువ్వు అంతటితో ఆగకు. ఆ పేజీలో జబ్బుపడ్డవాళ్ల పేర్లుంటే ఒకసారి చూసిరా.

ఫీనిక్స్ దగ్గరి చాండ్లర్‌లో మీ అన్నలు, వదినలు ఫంక్షన్లలో "ఇంకా ప్లంబింగేనా" అంటున్నారని మీ అమ్మ బాధపడింది. వాళ్లకు తెలియదు, అంతే. వాళ్లు నడిపే కంప్యూటర్ల చిప్పు తయారవ్వాలంటే అతి శుద్ధమైన నీరు పైపులోంచి రావాలి. ఆ పైపు అతికేది నీలాంటివాడు. ఎవరి మీదా కోపం పెట్టుకోకు. 2023లో టీఎస్ఎంసీ తైవాన్ నుంచి పనివాళ్లను తెస్తానన్నప్పుడు మన సంఘాలు ఎదిరించాయి, ఎదిరించాల్సిందే. ఆ డిసెంబరులో అరిజోనా నిర్మాణ సంఘాల మండలితో కంపెనీ ఒప్పందం కుదుర్చుకుంది. కానీ సైటులో ఎదురైన తైవాన్ కుర్రాడు మన పోటీదారు కాదు. మన ఇంట్లో సగంమంది వీసా మీద వచ్చినవాళ్లే. అతనికి మంచినీళ్ల కూలరు చూపించు.

అరిజోనాలో 1946 నుంచీ ఉన్న చట్టం ప్రకారం సంఘానికి చందా కట్టమని నిన్నెవరూ బలవంతపెట్టలేరు. నువ్వు మాత్రం కట్టు, ఒక్క నెల కూడా ఆలస్యం చెయ్యకు. నెలవారీ మీటింగుకు వెళ్లు. ఒప్పందంలో వచ్చే పెంపులో ఎంత చేతికి, ఎంత ఆరోగ్య నిధికి, ఎంత పెన్షన్‌కు అన్నది ఓటుకు పెట్టినప్పుడు కుర్రాళ్లు రాకపోతే నష్టపోయేది కుర్రాళ్లే. కొత్త ట్రక్కు సంగతి జర్నీమన్ అయ్యాక చూద్దాం. ఈలోగా ఆరు నెలల ఖర్చు బ్యాంకులో వెయ్యి, లేఆఫ్ వచ్చిన రోజున అప్పులవాడి ఫోను రాకూడదు.

ఆ కాంట్రాక్టరుకు రాలేనని రేపే మర్యాదగా చెప్పు. 6జీ టెస్టుకు పేరిచ్చి, తేదీ ఎప్పుడో నాకు రాయి.

మీ పెదనాన్న