డేటాబేసుల పొందిక - స్వచ్ఛంద పరీక్ష

వర్ణమాల నేర్చిన పిల్లవాడు 'క్ష'ను చిట్టచివర, హకార ళకారముల తరువాత చదువును. వానికి నిఘంటువిచ్చి 'క్షమ' అను పదమును వెదకుమన్నచో గ్రంథాంతమునకు పోవును. నిఘంటుకర్త దానిని కకార షకార సంయోగముగా నెంచి కకారము క్రింద చేర్చియుండును. పదము గ్రంథమున ఉన్నది. వెదకినవాడు మాత్రము లేదని చెప్పుచున్నాడు. ఇరువురిలో ఎవరును అసత్యమాడలేదు. వరుస విషయమున వారికి పొందిక కుదరలేదు, అంతియే. తెలుగు తరగతిలో మేము ఏటేట చూచెడి ఈ చిన్న ముచ్చట, డేటాబేసు నిర్వాహకులను నేటికిని కలవరపెట్టు ఒక చిక్కునకు సరియైన పోలిక. భాషోపాధ్యాయులు కంప్యూటరు విషయమున వేలు పెట్టుటకు ఇదియే మా సాకు.

డేటాబేసు అనగా క్రమబద్ధముగా నిలువచేసిన సమాచారము. కళాశాల ప్రవేశ పట్టిక, బ్యాంకు ఖాతా, ఓటర్ల జాబితా అన్నియు నేడు డేటాబేసులే. సమాచారమును పట్టికలుగా అమర్చవలెనను సిద్ధాంతమును 1970లో ఐబీఎం సంస్థకు చెందిన ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించెను. ఆ పట్టికలను ప్రశ్నించు భాషయగు ఎస్‌క్యూఎల్‌కు 1986లో అమెరికాలో ప్రమాణము ఏర్పడినది. ప్రమాణమొక్కటే అయినను ఆచరణ ఒక్కటి కాదు. ఒక విద్యార్థి పత్రములో తండ్రి పేరు గడి ఖాళీగా ఉన్నదనుకొందము. ఒరాకిల్ డేటాబేసు ఆ ఖాళీని 'తెలియదు' అనియే గ్రహించును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అట్లు కాక, ఖాళీ వేరు, తెలియకపోవుట వేరు అనును. ఒకదాని నుండి మరియొకదానికి మారినప్పుడు, తండ్రి పేరు తెలియనివారెందరు అను ప్రశ్నకు సమాధానమే మారిపోవచ్చును.

ఈ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ చరిత్ర తెలిసికొనదగినది. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున మైకేల్ స్టోన్‌బ్రేకర్ ఆచార్యత్వమున 1986లో మొదలైన పరిశోధన దీనికి మూలము. 1994లో ఆండ్రూ యూ, జాలీ చెన్ అను ఇద్దరు విద్యార్థులు దానికి ఎస్‌క్యూఎల్ భాషను అమర్చిరి. 1996లో ఇప్పటి పేరు వచ్చినది. దీని మూలరచన, అనగా సోర్సు కోడు, ఎల్లరకు బహిరంగము. ఎవరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును, వెల యీయకయే వాడుకొనవచ్చును. అయితే వెల లేని వస్తువును పరీక్షించువారెవరు? ఆ ప్రశ్నకు ఒక సమాధానముగా 2004లో ఆండ్రూ డన్‌స్టన్ అను కార్యకర్త 'బిల్డ్ ఫార్మ్' అను ఏర్పాటును నిర్మించెను. ప్రపంచమున పలుచోట్ల ఉన్న స్వచ్ఛంద సేవకులు తమ తమ యంత్రములను దీనికి అప్పగింతురు. రచయితలు కోడులో మార్పు చేసిన పిమ్మట, ఆ యంత్రములు తాముగా క్రొత్త ప్రతిని తెచ్చుకొని, నిర్మించి, పరీక్షలు నడిపి, ఫలితమును కేంద్రమునకు పంపును. ఒకటి లినక్సు, ఒకటి విండోసు. ఒకటి నూతన యంత్రము, ఒకటి ఎవరింటనో మూలపడియున్న పాత పెట్టె. పాతదే ఒక్కొక్కసారి ఎక్కువ ఉపయోగకారి, ఏలయన అందరి వద్ద లేని యంత్రములోనే ఎవరికిని కనిపించని తప్పు బయటపడును. ప్రతి యంత్రమునకు ఒక జంతువు పేరు పెట్టుట అచ్చటి ఆచారము. పెద్ద పనులు చేయువారిలో ఈపాటి చిలిపితనము ఉండుట మాకు నచ్చినది.

ఇక మొదట చెప్పిన నిఘంటువు చిక్కునకు వత్తము. డేటాబేసు త్వరగా వెదకుటకు సూచికను, అనగా ఇండెక్సును, నిర్మించుకొనును. అది నిఘంటువు వలె ఒక వరుసలో ఉండును. ఏ అక్షరము ముందు, ఏది వెనుక అను నియమమును లినక్సు యంత్రములలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సాధారణముగా తాను నిర్ణయింపదు; 'గ్లిబ్‌సీ' అను వ్యవస్థాభాగమును అడిగి తెలిసికొనును. 2018 ఆగస్టులో వెలువడిన ఆ భాగపు 2.28వ వెర్షనులో అంతర్జాతీయ ప్రమాణమును అనుసరించి వరుస నియమములను సమూలముగా సవరించిరి. సవరణ మంచిదే. కాని పాత వరుసలో కట్టిన సూచికలు డిస్కులలో అట్లే ఉండిపోయినవి. యంత్రమునకు క్రొత్త ఆపరేటింగ్ సిస్టము ఎక్కించిన వెంటనే, పాత వరుసలోని గ్రంథమును క్రొత్త వరుస నేర్చినవాడు వెదకుట మొదలైనది. ఉన్న పేరు లేదని సమాధానము. లేదు గదాయని అదే పేరును మరల చేర్చినచో, ఒక్కటే ఉండవలెనను నిబంధన ఉన్నను, రెండవ ప్రతికి ద్వారము తెరచుకొనవచ్చును. హెచ్చరిక లేదు, యంత్రము ఆగిపోవుట లేదు.

దీనిని కనిపెట్టుటకు ఒక సులభ పరీక్ష కలదు. '1-1', '11' అను రెంటిని అమెరికా ఆంగ్ల నియమము ప్రకారము వరుస పెట్టుమని లినక్సు యంత్రమును అడుగవలెను. పాత నియమము అడ్డగీతను మొదట లెక్కింపదు గనుక '11' ముందు, '1-1' తరువాత వచ్చును. క్రొత్త నియమమున '1-1' ముందు వచ్చును. మన హైదరాబాదులోను, ఆంధ్ర, తెలంగాణ పట్టణములలోను ఇంటి నంబర్లన్నియు అడ్డగీతలతోనే ఉండునని పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. చిరునామాలను అక్షరరూపమున నిలువచేసి, వానిపై సూచిక కట్టుకొన్న మన కార్యాలయములకు ఈ మార్పు ఎంత సమీపమైనదో ఊహింపవచ్చును. దీనికి మందు సూచికలను మరల నిర్మించుట. అది కఠినము కాదు, అవసరమని తెలియుటయే కఠినము. 2022లో వచ్చిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 15వ వెర్షను మొదలుకొని, డేటాబేసు తన మూలవరుస ఏ వెర్షనుదో వ్రాసియుంచుకొని, అది మారినచో హెచ్చరించుచున్నది.

పొందిక కలదని ప్రకటించుట వేరు, మన అక్షరములతో సరిచూచుట వేరు. మేమెరిగిన ఒక గ్రంథాలయమున 2013లో పుస్తకాల పట్టికను మైఎస్‌క్యూఎల్ డేటాబేసులోనికి మార్చిరి. ఆ రోజులలో ప్రత్యేకముగా చెప్పనిచో అది 'లాటిన్-1' అను ఐరోపా లిపి అమరికను ఎంచుకొనెడిది. అందులో చోటు లేని ప్రతి అక్షరమునకు బదులు ఒక ప్రశ్నార్థకము పడును. మార్చినవారు వరుసల సంఖ్య లెక్కపెట్టిరి, సరిపోయినది. ఆంగ్ల గ్రంథముల పేర్లు చూచిరి, బాగున్నవి. పని ముగిసినదని సంతకములు చేసిరి. మూడు వారముల తరువాత ఒక విద్యార్థిని ఇక్బాల్ కావ్యసంపుటిని వెదకగా, ఉర్దూ విభాగమంతయు ప్రశ్నార్థకముల తోరణముగా కనిపించినది. తెలుగు విభాగమునకును అదే గతి. పోయిన అక్షరములను ఆ ప్రశ్నార్థకముల నుండి తిరిగి రాబట్టు ఉపాయము లేదు. అదృష్టవశమున పాత అట్టల పెట్టెలు ఇంకను తూకమునకు పోలేదు. రెండు వేసవి సెలవులు విద్యార్థులు కూర్చుండి పేర్లు మరల ఎక్కించిరి. మార్చుటకు ముందే ఇరువది ఉర్దూ పేర్లు, ఇరువది తెలుగు పేర్లు ఇచ్చి చూడుడని అడిగినవాడు ఒక్కడుండినచో ఒక్క పూటలో తేలిపోయెడిది. అప్పుడు అక్కడ ఉండియు అడుగనివారిలో మేమును ఒకరము.

ఇట్టి తప్పులు నేడు తగ్గినవి గాని తీరలేదు. తెలుగులో ఐత్వమును యూనికోడు రెండు విధముల వ్రాయనిచ్చును: ఒకే సంకేతముగా ఒకటి, ఎత్వమునకు క్రింద మరియొక గుర్తు చేర్చి ఒకటి. రెంటికిని సమానత్వము కలదని యూనికోడే చెప్పుచున్నది; కంటికిని భేదము తెలియదు. అయినను 'హైదరాబాదు' ఈ రెండు విధముల ఎక్కినచో, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సాధారణ స్థితిలో వానిని రెండు ఊళ్లుగా లెక్కించును. 2019లో వచ్చిన 12వ వెర్షను నుండి సమానముగా చూచు ఏర్పాటు ఉన్నది, కాని అడిగిననే పనిచేయును. ఉర్దూలో 'యే' అక్షరమునకు అరబీ సంకేతము వేరు, ఉర్దూ సంకేతము వేరు. పదమధ్యమున రెండును ఒక్క తీరుగనే కనిపించును. ఒక కీబోర్డుతో ఎక్కించిన 'సయ్యద్' మరియొక కీబోర్డుతో వెదకినవానికి దొరకకపోవచ్చును. ఈ పేర్లు తమ హాజరుపట్టీలో లేని దేశముల కార్యకర్తలకు ఈ తప్పు ఎట్లు తెలియవలెను?

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ క్రొత్త ప్రధాన వెర్షను సాధారణముగా సెప్టెంబరు, అక్టోబరులలో వెలువడును. కొన్ని మాసముల ముందు 'బీటా' ప్రతిని విడుదలచేసి, పరీక్షింపుడని ఎల్లరను కోరుదురు. చేయువారికి కోడు వ్రాయుట రానవసరము లేదు. విడిగా ఒక యంత్రమున దానిని అమర్చి (కళాశాల అసలు పట్టికలున్న యంత్రమున ఎన్నడును కాదు), పాత వెర్షనులోని నమూనా పట్టీని దానిలోనికి దింపవలెను. వరుసపెట్టుట, వెదకుట, లెక్కించుట రెంటిలోను చేసి ఫలితములు పోల్చవలెను. తేడా కనిపించినచో, ఏ యంత్రము, ఏ వెర్షను, ఏ నియమము, ఏమి ఇచ్చితిమి, ఏమి రావలసియుండెను, ఏమి వచ్చినది అను వివరములతో నాలుగు వరుసలలో నివేదింపవలెను. 'తెలుగు పనిచేయుట లేదు' అని వ్రాసినచో ఎవరికిని ప్రయోజనము లేదు. తేడాను చూపు రెండే రెండు పేర్లు పంపుట మేలు.

ద్వితీయ సంవత్సరపు విద్యార్థులు ఆరుగురు ఈ పని కొరకు ఒక నమూనా పట్టీ కట్టుచున్నారు. నిజమైన విద్యార్థుల వివరములు అందులో లేవు. అన్నియు కల్పించిన పేర్లు. రెండు విధముల ఐత్వము, రెండు విధముల 'యే', 'క్ష'తో మొదలగు పేర్లు, అడ్డగీతల ఇంటి నంబర్లు చేరినవి. శకటరేఫముతో మొదలగు పేరొక్కటియు ఇంకను దొరకలేదు. ఎరిగినవారు గ్రంథాలయపు బల్లపైనున్న చిట్టాలో వ్రాసిపోవలెనని కోరుచున్నాము.