బొగ్గు నుండి చమురు

నేలబొగ్గు, ముడిచమురు రెండూ ప్రాచీన జీవరాశి అవశేషాల నుండి కోట్ల సంవత్సరాల కాలంలో ఏర్పడినవే. అయినను ఒకటి శిలవలె ఘనరూపంలోను, మరొకటి ద్రవరూపంలోను లభిస్తున్నాయి. ఈ భేదానికి ముఖ్యకారణం హైడ్రోజన్. ముడిచమురులో ఒక్కొక్క కర్బన పరమాణువుకు ఇంచుమించు రెండు హైడ్రోజన్ పరమాణువులుండగా, బొగ్గులో సగటున ఒకటికి కూడా తక్కువే. బొగ్గుకు కొరవడిన ఈ హైడ్రోజన్‌ను సమకూర్చగలిగితే దానిని చమురుగా మార్చవచ్చునన్న ఆలోచన నుండే కృత్రిమ ఇంధనం పుట్టింది.

జర్మనీ దేశీయుడైన ఫ్రీడ్రిష్ బెర్గియస్ 1913లో ఇందుకొక పద్ధతిని కనుగొన్నాడు. బొగ్గుపొడిని చిక్కని నూనెతో కలిపి, అధిక పీడనంలో, 400 డిగ్రీల సెంటీగ్రేడుకు పైబడిన వేడిమిలో హైడ్రోజన్‌తో చర్య జరిపించడం ఆ పద్ధతి. అధిక పీడన రసాయన విధానాలను అభివృద్ధి చేసినందుకు 1931లో ఆయనకు, కార్ల్ బాష్‌కు కలిపి నోబెల్ బహుమానం లభించింది.

1925 ప్రాంతంలో ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రాప్ష్ వేరొక మార్గం తొక్కారు. కాలుతున్న బొగ్గుపైకి నీటియావిరిని, ఆక్సిజన్‌ను పంపితే కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్‌ల మిశ్రమం వెలువడుతుంది. అందులోని గంధకాన్ని తొలగించి, ఇనుము లేదా కోబాల్టు ఉత్ప్రేరకం మీదుగా ప్రసరింపజేస్తే, కర్బన పరమాణువులు గొలుసుకట్టుగా చేరి పెట్రోలు, డీజిలు, మైనం వంటి పదార్థాలుగా మారుతాయి. పాత ఇంటికి మరమ్మతులు చేయడం బెర్గియస్ పద్ధతి అయితే, దానిని కూలద్రోసి ఆ ఇటుకలతోనే కొత్త ఇల్లు కట్టడం వీరి పద్ధతి.

శాస్త్రజ్ఞుల ఈ కృషిని ముందుగా వినియోగించుకున్నది యుద్ధమే. చమురు బావులు అంతగా లేని జర్మనీ, రెండవ ప్రపంచయుద్ధంలో తన విమానాలకు కావలసిన పెట్రోలును చాలావరకు బొగ్గు నుండే తయారుచేసుకుంది. ఆష్విట్జ్ చెంత మోనోవిట్జ్‌లో కృత్రిమ రబ్బరు, ఇంధనాల కర్మాగార నిర్మాణానికి నిర్బంధ శిబిరంలోని ఖైదీలను వెట్టిచాకిరికి గురిచేశారు. వారిలో వేలమంది మరణించారు. 1944 మే 12న అమెరికా విమానాలు లాయినా మొదలైన ఇంధన కర్మాగారాలపై బాంబులు కురిపించిన తరువాత జర్మనీ వైమానిక దళం క్రమంగా ఇంధనానికి మొగం వాచింది.

అటుపిమ్మట ఈ విద్యను పెద్ద ఎత్తున చేపట్టిన దేశం దక్షిణాఫ్రికా. అక్కడి ప్రభుత్వం 1950లో సాసోల్ సంస్థను స్థాపించగా, 1955లో సాసోల్‌బర్గ్‌లో ఉత్పత్తి మొదలైంది. వర్ణవివక్ష కారణంగా అనేక దేశాలు ఆ ప్రభుత్వానికి చమురు నిరాకరించాయి. 1979 విప్లవంతో ఇరాన్ సరఫరా కూడా నిలిచిపోయింది. మరుసటి సంవత్సరమే సెకుండాలో మరింత పెద్ద కర్మాగారం పనిచేయనారంభించింది. స్వాతంత్ర్య యోధులకు ఈ కర్మాగారాల ప్రాముఖ్యం తెలియనిది కాదు. 1980 జూన్ 1న వారు వీటిపై దాడి జరిపి చమురు తొట్లకు నిప్పు పెట్టారు.

ఈ ఇంధనం చవకైనది కాదు. బొగ్గులోని శక్తిలో చాలా భాగం తయారీలోనే వ్యయమైపోతుంది. నీరు విస్తారంగా కావాలి. వెలువడే బొగ్గుపులుసు వాయువును పట్టి నిలువచేయకపోతే, మామూలు పెట్రోలు వల్ల కలిగే దానికి ఇంచుమించు రెట్టింపు భారం వాతావరణంపై పడుతుంది. హరితగృహ వాయువులను ఒకేచోటి నుండి అత్యధికంగా వెదజల్లే ప్రపంచ కేంద్రాలలో సెకుండా ఒకటి. ఇన్ని చిక్కులున్నా, చమురు దిగుమతులను తగ్గించుకోదలచిన చైనా 2008లో ఇన్నర్ మంగోలియాలో ప్రత్యక్ష ద్రవీకరణ కర్మాగారాన్ని నడపసాగింది.

భారతదేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ కావడం అదనపు చిక్కు. సింగరేణి గనుల చెంతనే రామగుండంలో బొగ్గును వాయువుగా మార్చి యూరియా తయారుచేసే కర్మాగారం 1980లో ఉత్పత్తి ప్రారంభించి, నష్టాలతో 1999లో మూతబడింది. దాని స్థానంలో 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన కొత్త కర్మాగారానికి గొట్టపుమార్గంలో వచ్చే సహజవాయువే ముడిసరుకు. బూడిద అధికంగా గల బొగ్గు నుండి మిథనాల్ తీసే ప్రయోగం 2021లో హైదరాబాదులోని భెల్ పరిశోధన కేంద్రంలో సఫలమైంది. ఆ ప్రయోగ కర్మాగారపు సామర్థ్యం రోజుకు పావు టన్ను.