ఢిల్లీ–మీరట్ నమో భారత్: బదిలీ కుటుంబానికి ఒక ప్రయాణ లెక్క

బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు మన ఇళ్ళలో మొదట వేసే ప్రశ్న ఏ ఊరు అని. రెండోది పిల్లల చదువు సంగతేమిటని. మూడో ప్రశ్న చాలాసార్లు ఎవరూ పైకి అనరు: అందరం కలిసి వెళ్తామా, ఒక్కరే వెళ్ళాలా? ఢిల్లీ చుట్టుపక్కల శాఖలకు వచ్చే తెలుగు కుటుంబాలకు ఈ మూడో ప్రశ్నే గట్టిది. 2023 డిసెంబరులో నన్ను మీరట్ వైపు శాఖకు వేసినప్పుడు మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఢిల్లీలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడిలో, దీన్ దయాళ్ ఉపాధ్యాయ మార్గ్‌లో చదువుతోంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో ఆ సంస్థ పెట్టకపోతే మనలాంటివాళ్ళ పిల్లలు రాజధానిలో తెలుగు అక్షరాలు ఎక్కడ దిద్దేవారో తెలియదు. సీబీఎస్ఈలో తొమ్మిదో తరగతిలోనే బోర్డు పరీక్షకు పేరు నమోదవుతుంది, ఆ తర్వాత బడి మార్చాలంటే బోర్డు అనుమతి కావాలి. మీరట్‌లో తెలుగు రెండో భాషగా ఉన్న బడి నాకు కనబడలేదు. కాబట్టి వాళ్ళిద్దరూ మయూర్ విహార్‌లోనే ఉండిపోయారు. నేను మీరట్‌లో ఒక గది, ఒక గ్యాస్ సిలిండరు, ఒక కుక్కరు పెట్టుకున్నాను. రెండో, నాలుగో శనివారాలొస్తే రెండు రోజులు ఇల్లు, లేకపోతే ఆదివారం ఒక్కటే.

ఆ గదిని 2025 మార్చి చివర ఖాళీ చేశాను. అందుకు కారణం నమో భారత్ రైలు. అయితే రైలు వచ్చిందని వెంటనే ఖాళీ చేయలేదు. ముందు లెక్క వేసుకున్నాను. ఇలాంటి బదిలీల్లో ఉన్న ఇతర కుటుంబాలకు కూడా పనికొస్తుందని ఆ లెక్కను ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ లైను సంగతి. ఢిల్లీ–గాజియాబాద్–మీరట్ మార్గం మొత్తం 82 కిలోమీటర్లు. 2019 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. 2023 అక్టోబరు 20న సాహిబాబాద్ నుంచి దుహాయి డిపో దాకా మొదటి 17 కిలోమీటర్లు ప్రారంభమయ్యాయి. 2024 మార్చిలో మోదీనగర్ నార్త్ వరకు, ఆగస్టులో మీరట్ సౌత్ వరకు సాగింది. 2025 జనవరి 5న ఇటు సాహిబాబాద్ నుంచి ఢిల్లీలోని న్యూ అశోక్ నగర్‌కు కలిసింది. ఇది రాస్తున్న 2025 ఆగస్టు నాటికి నడుస్తున్నది 55 కిలోమీటర్లు. ఢిల్లీ కొస సరాయ్ కాలే ఖాన్, మీరట్ కొస మోదీపురం ఇంకా మిగిలాయి. కేంద్ర ప్రభుత్వానికి సగం, ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, హర్యానా, రాజస్థాన్‌లకు తలా 12.5 శాతం వాటా ఉన్న ఎన్‌సీఆర్‌టీసీ దీన్ని కట్టింది. రైళ్ళు గుజరాత్‌లోని సావ్లీలో తయారయ్యాయి, వాటి డిజైన్ పని హైదరాబాద్‌లో జరిగింది. ఈ ముక్క చెబితే మా శాఖలో నా పరపతి ఒక వారం పాటు పెరిగింది.

మనం బ్యాంకువాళ్ళం కాబట్టి డబ్బు సంగతి కూడా చెప్పాలి. ప్రాజెక్టు అంచనా 30,274 కోట్ల రూపాయలు. ఇందులో ఆసియా అభివృద్ధి బ్యాంకు సుమారు 100 కోట్ల డాలర్ల అప్పు, ఏఐఐబీ 50 కోట్ల డాలర్లు, న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు మరో 50 కోట్ల డాలర్లు. ఏఐఐబీ ప్రధాన కార్యాలయం బీజింగ్‌లో, న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకుది షాంఘైలో. రెండింటిలోనూ మన దేశం వ్యవస్థాపక సభ్యురాలే.

ఆ రెండు ఊళ్ళ పేర్లు ఎలాగూ వచ్చాయి కాబట్టి, వేగం గురించి మాట్లాడేటప్పుడు జరిగే ఒక పొరపాటును అక్కడి రైళ్ళతోనే చెప్పుకుందాం. బీజింగ్–షాంఘై లైను 2011 జూన్ 30న మొదలైంది. దూరం 1,318 కిలోమీటర్లు. తక్కువ చోట్ల ఆగే రైళ్ళు నాలుగున్నర గంటల లోపే చేరుస్తాయి. అదే పట్టాల మీద ఎక్కువ స్టేషన్లలో ఆగే రైలుకు ఐదున్నర గంటలు దాటుతుంది. పట్టాలు అవే, గరిష్ఠ వేగమూ దాదాపు అదే, కానీ టికెట్టు కొనే మనిషికి గంట తేడా. పత్రికల్లో అచ్చయ్యేది గరిష్ఠ వేగం, మన జీవితంలోకి వచ్చేది సగటు వేగం.

నమో భారత్ గరిష్ఠంగా గంటకు 160 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది. కొత్త లైన్లకు అంతర్జాతీయంగా హైస్పీడ్ అని పేరు రావాలంటే 250 ఉండాలి, కాబట్టి దీన్ని సెమీ హైస్పీడ్ అనడమే సరైనది. 160 చొప్పున 55 కిలోమీటర్లకు 21 నిమిషాలు పట్టాలి. నిజానికి న్యూ అశోక్ నగర్ నుంచి మీరట్ సౌత్‌కు పట్టేది సుమారు 40. మిగతా 19 నిమిషాలు ఏమైనట్టు? ఇంట్లో ఫిజిక్స్ చదివే పిల్లలుంటే ఈ లెక్క వాళ్ళచేత చేయించండి. గంటకు 160 అంటే సెకనుకు సుమారు 44 మీటర్లు. నిలబడ్డవాళ్ళు తూలిపడకుండా ఆగాలంటే రైలుకు ఇంచుమించు ఒక నిమిషం కావాలి, మళ్ళీ ఆ వేగం అందుకోవడానికి ఇంకో నిమిషం. ఆ రెండు నిమిషాల్లోనూ సగటు వేగం సగమే కాబట్టి ఒక నిమిషం నష్టపోయినట్టు. తలుపులు తెరిచి మూయడానికి అర నిమిషం. అంటే ఆగిన ప్రతి స్టేషనుకూ ఒకటిన్నర నిమిషం ఖర్చు. మధ్యలో ఆనంద్ విహార్, సాహిబాబాద్, గాజియాబాద్, గుల్ధర్, దుహాయి, మురాద్‌నగర్, మోదీనగర్ సౌత్, మోదీనగర్ నార్త్ ఎనిమిది స్టేషన్లు. పన్నెండు నిమిషాలు అక్కడే పోయాయి. మొదట బయలుదేరడానికి, చివర ఆగడానికి ఇంకో నిమిషం. మిగిలిన ఐదారు నిమిషాలు మలుపులకు, పూర్తి వేగం అందుకునేలోపే తర్వాతి స్టేషను వచ్చేసే చోట్లకు.

ఆ ఎనిమిది స్టేషన్లను తిట్టుకోనక్కర లేదు. మోదీనగర్ శాఖకు వెళ్ళే మన ఉద్యోగికి ఆ స్టాపే ప్రాణం.

ఇక ఇంటి గుమ్మం నుంచి శాఖ గుమ్మం దాకా. మాది మయూర్ విహార్ ఎక్స్‌టెన్షన్ దగ్గర. అక్కడి నుంచి మెట్రో బ్లూ లైన్‌లో ఒక్క స్టేషను న్యూ అశోక్ నగర్. నడక, మెట్రో, బ్యాగు తనిఖీ, ప్లాట్‌ఫామ్ చేరడం అన్నీ కలిపి 25 నిమిషాలు. రైలు కోసం ఎదురుచూపు ఏడెనిమిది నిమిషాలు. రైలు 40. మీరట్ సౌత్ ఊరి శివారున ఉంది. అక్కడి నుంచి మా శాఖకు ఈ-రిక్షాలో 20 నుంచి 25. మొత్తం గంట ముప్పావుకు పది నిమిషాలు తక్కువ. గమనించండి, అందరూ చెప్పుకునే రైలు భాగం ఇందులో సగం కూడా లేదు. మీ లెక్కలో రైలు సమయం మాత్రమే వేసుకుని ఇల్లు చూసుకుంటే మొదటి వారంలోనే బోల్తా పడతారు.

మరి కారులో? 2021 ఏప్రిల్ నుంచి ఢిల్లీ–మీరట్ ఎక్స్‌ప్రెస్‌వే ఉంది. ఖాళీగా ఉన్న రోజున నేను ఒక గంటా పది నిమిషాల్లో వెళ్ళాను. ఫిబ్రవరిలో ఒక నెల పాటు రెండు విధాలా తిరిగి డైరీలో రాసుకున్నాను. కారు సగటు చూస్తే రైలుకు పెద్ద తేడా లేదు, ఏడెనిమిది నిమిషాలు కారుకే లాభం. అక్కడే ఆగి ఉంటే కారే మేలనుకునేవాణ్ణి. కానీ కారు రోజుల్లో అతి తక్కువ గంటా పది, అతి ఎక్కువ రెండు గంటల నలభై. రైలు రోజుల్లో అతి తక్కువ గంటా ముప్పై, అతి ఎక్కువ గంటా యాభై.

ఎంబీఏలో దీన్ని వేరియన్స్ అని నేర్పారు. మన భాషలో చెప్పాలంటే, నెల నెలా ఐదో తేదీన వాయిదా కట్టే ఖాతాదారుడు ఒకడు, ఒక నెల ముందే కట్టి మూడు నెలలు కనబడకుండా పోయేవాడు ఇంకొకడు. సంవత్సరం చివర ఇద్దరి మొత్తం ఒకటే కావచ్చు. మనం నిద్రపోయేది మొదటివాడి ఖాతా మీదే. ఉదయం 9.45కు శాఖలో ఉండి తీరాల్సినవాడు సగటును నమ్మి బయలుదేరలేడు, అతి చెడ్డ రోజును తలచుకుని బయలుదేరాలి. అందువల్ల కారైతే ఏడు గంటలకే, రైలైతే 7.55కు నేను ఇల్లు దాటాలి. కాగితం మీద కారు ఏడెనిమిది నిమిషాలు త్వరగా పోయేది. ఇంట్లో మాత్రం రైలు నాకు 55 నిమిషాలు మిగిల్చింది. అమ్మాయితో కలిసి టిఫిన్ తినడం ఆ 55 నిమిషాల్లోనే.

ఉత్తరాదికి కొత్తగా వచ్చినవాళ్ళకు ఈ అనిశ్చితి రెండు కాలాల్లో బాగా తెలుస్తుంది. ఒకటి శ్రావణం. ఇక్కడ నెల పౌర్ణమితో ముగుస్తుంది కాబట్టి మన పంచాంగంలో ఆషాఢ బహుళం నడుస్తుండగానే వీళ్ళకు శ్రావణం వచ్చేస్తుంది. ఈ ఏడాది జూలై 11న వచ్చింది, మనకు 25న. హరిద్వార్ నుంచి గంగాజలం కావడిలో మోసుకుని లక్షలాది మంది శివాలయాలకు నడిచి వస్తారు, మీరట్‌లో ఔఘడ్‌నాథ్ గుడికి కూడా. ఆ రెండు వారాలు ఢిల్లీ–మీరట్ రోడ్ల మీద వాహనాలను మళ్ళిస్తారు. చూడవలసిన దృశ్యమే, కానీ స్టీరింగ్ వెనకనుంచి కాదు. పట్టాలు ఎక్కువ భాగం ఎత్తైన స్తంభాల మీద ఉన్నాయి కనుక కింద ఎంత రద్దీ ఉన్నా రైలుకు అడ్డు లేదు.

రెండోది పొగమంచు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ముందున్న లారీ ఎర్రదీపం కూడా కనబడదు. ఈ లైనులో సిగ్నల్ పట్టాల పక్కన స్తంభం మీద వెతుక్కునేది కాదు. ఎంత వేగంతో ఎంత దూరం వెళ్ళవచ్చో రేడియో ద్వారా డ్రైవరు ముందున్న తెర మీదికే వస్తుంది. ఈటీసీఎస్ అనే యూరోపియన్ పద్ధతి అది. చలికాలంలో నా భార్యకు ఇదొక్కటి చాలింది, మిగతా లెక్కలేవీ ఆమె అడగలేదు.

ఖర్చు. న్యూ అశోక్ నగర్–మీరట్ సౌత్ మామూలు టికెట్టు 150 రూపాయలు, ప్రీమియం కోచ్‌లో 225. రోజుకు 300 చొప్పున 22 పనిదినాలకు 6,600. ఎన్‌సీఎంసీ కార్డుతో వెళ్తే ఖర్చు చేసిన ప్రతి రూపాయికీ ఒక పాయింటు, దాని విలువ 10 పైసలు. అంటే 660 వెనక్కి వచ్చినట్టు. మెట్రో, ఈ-రిక్షా కలిపినా తొమ్మిది వేల లోపు. మీరట్ గది అద్దె, కరెంటు, గ్యాసు, వారం వారం రాకపోకలు కలిపితే నాకు దీనికంటే ఎక్కువే అయ్యేది. ప్రీమియం మాత్రం అనవసరం అనిపించింది. మామూలు కోచ్‌లోనూ రెండేసి సీట్లే. ఆడవాళ్ళకు ప్రత్యేకంగా ఒక కోచ్ ఉంది.

ఇప్పుడు ఎవరికి ఇది పనికొస్తుంది, ఎవరికి రాదు. గాజియాబాద్, మురాద్‌నగర్, మోదీనగర్ శాఖలైతే సందేహించకండి, ఢిల్లీలోనే ఉండండి. మీరట్‌లో ఢిల్లీ రోడ్డు వైపు శాఖైతే నాలాగే లెక్క వేసుకోండి. ఊరి నడిబొడ్డున, బేగం బ్రిడ్జి వైపు అయితే 2025 ఆగస్టు నాటికి లైను పూర్తయ్యేదాకా ఆగడమే మంచిదనిపించింది. అప్పటికి అక్కడ భూగర్భ స్టేషను కడుతూ ఉన్నారు, ఇదే పట్టాల మీద మీరట్ మెట్రో కూడా నడుస్తుంది. హాపుడ్, బులంద్‌షహర్ వైపు పడ్డవాళ్ళకు ఈ రైలు పెద్దగా ఒరగబెట్టేది లేదు. ఇల్లు ఢిల్లీలో ఏ మూలో కూడా చూసుకోవాలి. ద్వారకా నుంచైతే న్యూ అశోక్ నగర్ చేరడానికే గంట పైన పడుతుంది. ఇంకో మాట: పనిచేసే ఊరికి వెలుపల ఉండటానికి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నేను గది ఖాళీ చేయడానికి ముందే తీసుకున్నాను.

రోజుకు మూడు గంటలకు పైగా ప్రయాణం తేలికేమీ కాదు. కాజీపేట నుంచి సికింద్రాబాదుకు ఏళ్ళ తరబడి సీజన్ టికెట్ మీద తిరిగిన మన సీనియర్లు నవ్వుతారేమో కానీ, నలభై అయిదు దాటాక శుక్రవారానికి నడుము తెలుస్తుంది. వెళ్ళేటప్పుడు సర్క్యులర్లు చదువుతాను, వచ్చేటప్పుడు నిద్ర.

చివరి రైళ్ళు రాత్రి పది ప్రాంతంలో బయలుదేరతాయి. ఆదివారం ఉదయం ఎనిమిదికి గానీ మొదలవవు. మామూలు రోజుల్లో ఇది ఇబ్బంది కాదు. మొన్న మార్చి 31న మాత్రం ఖాతాల ముగింపు అయ్యేసరికి పదిన్నర దాటింది, గదికి తాళం వేసి అప్పటికి రెండు రోజులైంది. ఆ రాత్రి శాఖలోనే కుర్చీలు కలిపి పడుకున్నాను. సెప్టెంబరు 30 అర్ధ సంవత్సరం ముగింపు వస్తోంది. ఈసారి మీరట్‌లో ఉండే మా క్యాషియర్ గారి ఇంట్లో ఒక మంచం ముందే అడిగి పెట్టుకున్నాను.