కొత్తగా బీఎస్సీ కెమిస్ట్రీలో చేరినవాళ్లకు

డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ పరీక్షల ముందు ఎవరో ఒకరు పుస్తకం పట్టుకుని ఇంటికి వస్తూనే ఉంటారు. "ఫిజికల్ అంటే లెక్కలు, ఆర్గానిక్ అంటే బట్టీ కదండీ" అని ఒకే మాట అంటారు. ఆ మాట నమ్మినవాళ్లకు మొదటి ఏడాదే ఈ సబ్జెక్టు మీద మనసు విరిగిపోతుంది. నా అనుభవంలో తేలినవి కొన్ని చెబుతాను.

1. యూనిట్లు రాయకుండా లెక్క మొదలుపెట్టొద్దు. ఫిజికల్‌లో పోయే మార్కుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పోతాయి. నీరు ఆవిరి కావడానికి మోలుకు 40.7 కిలోజౌళ్ల ఉష్ణం కావాలి. ఎంట్రోపీ మార్పు మాత్రం కెల్విన్‌కు 109 జౌళ్లు. ఒకటి కిలోజౌళ్లలో, రెండోది జౌళ్లలో ఉందని గమనించి భాగిస్తే 373 కెల్విన్ వస్తుంది. అదే నీరు మరిగే ఉష్ణోగ్రత. గమనించకపోతే 0.37 కెల్విన్ అని రాసి వస్తారు. R విలువ కూడా అంతే. శక్తి లెక్కల్లో 8.314, లీటర్లూ అట్మాస్ఫియర్లూ ఉన్నచోట 0.0821.

2. జవాబు వచ్చాక అది నమ్మదగ్గదో కాదో చూడండి. 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం pH ఎంత అని అడిగితే సగం క్లాసు 8 అంటుంది. ఆమ్లాన్ని ఎంత పలుచన చేసినా క్షారమవుతుందా? నీరు తనంతట తాను ఇచ్చే హైడ్రోజన్ అయాన్లను కూడా లెక్కలోకి తీసుకుంటే pH దాదాపు 6.98. ఫార్ములా సరైనదే. అది ఎక్కడ చెల్లుతుందో తెలియడమే చదువు.

3. చర్య జరగడానికి వీలుందా, ఎంత వేగంగా జరుగుతుంది అనేవి రెండు వేరు ప్రశ్నలు. మామూలు ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర వజ్రం గ్రాఫైటుగా మారితే గిబ్స్ శక్తి మోలుకు సుమారు 2.9 కిలోజౌళ్లు తగ్గుతుంది. అంటే మారడానికి వీలుంది. అయినా ఎవరి ఉంగరంలో వజ్రమూ నల్లబడలేదు. దాటాల్సిన శక్తి అవరోధం అంత పెద్దది. థర్మోడైనమిక్స్ మొదటి ప్రశ్నకే జవాబిస్తుంది, రెండోదానికి కైనెటిక్స్ కావాలి.

4. ఆర్గానిక్‌లో బాణం వేసేది ఎలక్ట్రాన్ల కోసం, పరమాణువుల కోసం కాదు. ఒంటరి జంట దగ్గరో, బంధం దగ్గరో మొదలై ఎలక్ట్రాన్లు కొరవడిన చోటికి వెళ్లాలి. వేశాక ప్రతి కార్బన్‌కూ బంధాలు లెక్కపెట్టండి. ఐదు వస్తే అక్కడే ఆగి సరిచూసుకోండి.

5. నియమాన్ని కాదు, దాని కారణాన్ని గుర్తుపెట్టుకోండి. ప్రొపీన్‌కు హైడ్రోజన్ బ్రోమైడ్ కలిపితే 2-బ్రోమోప్రొపేన్ వస్తుంది. మార్కోవ్‌నికోవ్ నియమం అది. పెరాక్సైడ్ ఉంటే 1-బ్రోమోప్రొపేన్ వస్తుంది. 1933లో ఖరాష్ దీన్ని వివరించాడు. పిల్లలు ఈ రెంటినీ రెండు నియమాలుగా వల్లెవేస్తారు. నిజానికి కారణం ఒకటే. మొదటి దారిలో చివరి కార్బన్‌కు ముందు హైడ్రోజన్ అయాన్ చేరుతుంది, రెండో దారిలో బ్రోమిన్ రాడికల్. రెండు చోట్లా మధ్య కార్బన్ మీద ఏర్పడేదే ఎక్కువ స్థిరమైనది. హైడ్రోజన్ క్లోరైడ్, అయోడైడ్‌లతో పెరాక్సైడ్ ప్రభావం ఎందుకు కనిపించదంటే, ఆ గొలుసు చర్యలో ఏదో ఒక మెట్టు శక్తి పరంగా గిట్టుబాటు కాదు. ఈ కారణం ఫిజికల్ పుస్తకంలోదే, చూశారా!

6. అందుకే ఈ రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. 1930లలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇంగోల్డ్, హ్యూస్ అనే ఇద్దరు చర్య వేగాన్ని కొలిచి, దాన్నిబట్టే అణువుల దారి కనిపెట్టారు. మిథైల్ బ్రోమైడ్‌తో క్షారం గాఢత రెట్టింపు చేస్తే వేగమూ రెట్టింపవుతుంది. కాబట్టి వేగాన్ని నిర్ణయించే మెట్టులో క్షారం పాల్గొంటోంది. టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్ విషయంలో క్షారం పెంచినా వేగంలో చెప్పుకోదగ్గ మార్పుండదు. కాబట్టి నిదానంగా సాగే మెట్టులో దానికి పాత్ర లేదు. మీరు ఎస్ఎన్1, ఎస్ఎన్2 అని చదివేది ఇదే. రేటు సమీకరణం రానివాడికి ఆర్గానిక్ మెకానిజం సగమే వస్తుంది.

7. ల్యాబ్‌ను రికార్డు కోసం చేయొద్దు. బ్యూరెట్ రీడింగ్ కంటికి సమంగా, రంగులేని ద్రావణమైతే కింది వంపు దగ్గర తీయండి. పిపెట్ కొనలో మిగిలిన చుక్కను ఊదొద్దు. 2,4-డీఎన్‌పీతో పసుపో నారింజో అవక్షేపం వస్తే అది ఆల్డిహైడో కీటోనో తేల్చడానికి టోలెన్స్ పరీక్ష ఎందుకు చేస్తున్నారో తెలుసుకుని చేయండి. వైవాలో అడిగేది అదే.

8. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు బెదరక్కర్లేదు. తెలుగు అకాడమీ పుస్తకంతో విషయం పట్టుకోండి, తర్వాత ఇంగ్లిష్ పుస్తకంలో అదే పాఠం చదివి సొంతంగా రాయండి. మెకానిజం చూసి చదివితే రాదు, కాగితం మీద వేస్తేనే వస్తుంది.

ఈ వారం మీ నోట్సులోంచి ఒక్క చర్య తీసుకోండి. శక్తి పెరుగుతోందా తగ్గుతోందా, వేగం దేనిమీద ఆధారపడి ఉంది, ఎలక్ట్రాన్లు ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తున్నాయి, ఈ మూడూ సొంత మాటల్లో రాయండి. రాయలేకపోతే మర్నాడే మీ లెక్చరర్‌ను అడగండి. అడిగిన విద్యార్థిని చూసి విసుక్కునే మాస్టారు నూటికో కోటికో ఒకరుంటారు.